పిల్లలతో మారిషస్... ఇసుకే కాదు, చరిత్రా చూపిద్దాం!

వేసవి సెలవులంటే ఒకప్పుడు అమ్మమ్మగారి ఊరే. ఇప్పుడలా కాదు. "మా క్లాసులో చాలామంది ఫారిన్ వెళ్లొచ్చారు, మనమెప్పుడు?" అని పిల్లలు నిలదీస్తున్నారు. నాలుగైదేళ్లు చీటీ కట్టి, బోనసు దాచి, ఒక్కసారైనా పిల్లలకి పరాయి దేశం చూపించాలని తాపత్రయపడే కుటుంబాలు మనలో ఎన్నో. తీరా వెళ్లొచ్చాక "ఏం చూశావురా?" అని తాతయ్య అడిగితే, "హోటల్లో పెద్ద స్విమ్మింగ్ పూల్ ఉంది తాతయ్యా!" అంటాడు మనవడు.

పూల్ కోసం సముద్రం దాటాలా?

తప్పు పిల్లలది కాదు. ఎక్కడికెళ్తున్నామో, అక్కడేం జరిగిందో వాళ్లకి ముందుగా ఎవరూ చెప్పలేదు. రోజుకి ఆరు చోట్లు తిప్పితే ఏ ఒక్కటీ మనసులో నిలవదు. అందుకే పిల్లలతో వెళ్లే యాత్రకి రెండే సూత్రాలు. రోజుకి ఒక్క చోటు. ఆ చోటుకి ఒక్క కథ. ఈ రెండూ చక్కగా కుదిరే దేశం హిందూ మహాసముద్రంలోని మారిషస్. కొత్తగా పెళ్లయిన జంటలు వెళ్లే చోటుగానే మనకి తెలుసు. కానీ అది చరిత్ర పుస్తకం లాంటి దీవి. అందులో మన తెలుగువాళ్ల పేజీ కూడా ఉంది.

కోరంగి నుంచి వెళ్లినవాళ్లు

కాకినాడ దగ్గర కోరంగి అంటే ఇప్పుడు మడ అడవులే గుర్తొస్తాయి. ఒకప్పుడది పెద్ద ఓడరేవు. ఆ రేవు నుంచి, తర్వాత మద్రాసు నుంచి వేలమంది తెలుగువాళ్లు ఓడలెక్కి మారిషస్‌లో చెరుకు తోటల్లో కూలికి వెళ్లారు. అందుకే అక్కడ తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవాళ్లు.

దీవి కథ క్లుప్తంగా ఇదీ. 1598లో డచ్చివాళ్లు దిగి, తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. 1710లో వాళ్లు వదిలి వెళ్లిపోతే, 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు. 1810లో ఇంగ్లీషువాళ్లు గెలుచుకున్నారు. ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి తెచ్చిన బానిసలతో చెరుకు పండించారు. 1835లో బానిసత్వం రద్దయింది. మరి తోటల్లో పని చేసేదెవరు? అప్పుడు వాళ్ల చూపు మన దేశం మీద పడింది. అయిదేళ్ల ఒప్పందం, తొలిరోజుల్లో నెలకి అయిదు రూపాయల జీతం, తిండి. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడలో 36 మంది దిగారు. ఆ తర్వాత సుమారు 80 ఏళ్లలో నాలుగున్నర లక్షల మందికి పైగా వెళ్లారు. బీహారు వైపు వాళ్లే ఎక్కువ. తమిళులు, మరాఠీలు, మనవాళ్లు కూడా ఉన్నారు.

వాళ్ల మునిమనవలు ఇవాళ ఆ దేశ పౌరులు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు! సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ ఇప్పటికీ చేసుకుంటారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. అయితే అందరూ తెలుగులో గలగలా మాట్లాడేస్తారనుకోకండి. ఇంట్లో వాళ్ల మాట క్రియోల్. తెలుగు చాలామందికి పూజలో, పాటలో, బడిలో మిగిలిన భాష. "మన పేర్లే పెట్టుకున్నారు కదా, తెలుగెందుకు రాదు?" అని పిల్లలు అడుగుతారు. అదే మంచి ప్రశ్న. దానికి జవాబు వెతకడమే ఈ ప్రయాణం.

ఎప్పుడు బయల్దేరాలి?

మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది. మనకి వేసవి అయితే వాళ్లకి చలికాలం. చలి అంటే భయపడకండి. మే, జూన్ నెలల్లో మన ఊళ్లో నవంబరులా హాయిగా ఉంటుంది. సాయంత్రానికి పల్చటి స్వెట్టరు చాలు. పిల్లల వేసవి సెలవులకి సరిగ్గా సరిపోతుంది. దసరా సెలవులు ఇంకా మంచివి. అప్పుడు వానలు తక్కువ.

సంక్రాంతి సెలవుల్లో మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ తుపాన్లు ఎక్కువ. తుపాను హెచ్చరిక వస్తే విమానాలు ఆగిపోతాయి, హోటల్ గదిలోంచి కదలనివ్వరు. చిన్నపిల్లలతో అది నరకమే.

ముంబయి నుంచి నేరుగా వెళ్లే విమానంలో ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లు దారిలో విమానం మారాలి. మధ్యలో కనీసం మూడు నాలుగు గంటలు ఉండేలా టికెట్లు తీసుకోండి. పిల్లవాణ్ని చంకనేసుకుని విమానాశ్రయంలో పరుగులు తియ్యక్కర్లేదు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. కాబట్టి పిల్లల నిద్ర పెద్దగా చెడదు.

కాగితాల పని ముందు

పర్యటన కోసం వెళ్లే భారతీయులకి ముందుగా వీసా తీసుకునే పని లేదు. దిగాక పర్యటన కోసం అనుమతి ఇస్తారు. తిరుగు టికెట్టు, బస ఎక్కడో చూపే కాగితం, ఖర్చులకి డబ్బు ఉన్నట్టు రుజువు అడుగుతారు. వెళ్లేముందు కంప్యూటర్లో నింపాల్సిన ప్రయాణ పత్రం ఒకటుంది. ఈ నిబంధనలు మారుతుంటాయి. టికెట్లు కొనేముందు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఇంకోసారి విమాన సంస్థని అడిగి కనుక్కోండి.

చంటిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాల్సిందే. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్లే చెల్లుతుంది. మూడేళ్ల వయసులో తీసుకుని, తొమ్మిదో ఏట టికెట్లు కొన్నాక బీరువాలోంచి తీసి చూస్తే చెల్లకుండా పోయి ఉంటుంది. ఈ నెలలోనే తీసి చూడండి.

మన ఇంటిపేర్లతో ఇంకో చిక్కు. బడిలో 'కె. రమ్య', పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, టికెట్టులో ఇంకోలా! పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా టికెట్టులోనూ అలాగే ఉండాలి. తల్లి ఒక్కతే పిల్లల్ని తీసుకెళ్తుంటే, తండ్రి సమ్మతి పత్రం, పిల్లల జనన ధ్రువపత్రం నకలు వెంట ఉంచుకోవడం మంచిది.

బస ఒకచోట కాదు, రెండుచోట్ల

దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. చిన్నదే కదా అని ఒకే హోటల్లో దిగి రోజూ అటూ ఇటూ తిరిగితే, పిల్లలు కారులోనే వాంతులు చేసుకుంటారు. విమానాశ్రయం ఆగ్నేయ మూల మాహెబూర్ ఊరి పక్కన ఉంది. మొదటి మూడు రాత్రులు అక్కడే ఉండండి. తర్వాత నాలుగు రాత్రులు పడమటి తీరానికి మారండి. మన వేసవి రోజుల్లో అక్కడ తూర్పు తీరంలో ఈదురుగాలి ఎక్కువ. పడమటి వైపు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది.

మొదటి రోజు ఏమీ పెట్టుకోకండి. స్నానం, భోజనం, నిద్ర. సాయంత్రం అలా సముద్రం ఒడ్డుకి. చాలు.

డోడో కథ: మాహెబూర్ దగ్గర ఎగ్రెట్ దీవి అని 26 హెక్టార్ల చిన్న పగడపు దీవి ఉంది. పడవలో కొద్ది నిమిషాలు. గైడు వెంట నడిచి చూడాలి. పిల్లలకి ఇది పండగే! వీపు మీద బండరాయి మోస్తున్నట్టుండే పెద్ద తాబేళ్లు కాళ్లకి అడ్డం వస్తాయి. ఇవి సేషెల్స్ దీవుల నుంచి తెచ్చిన జాతి. మారిషస్ సొంత తాబేళ్లు ఏనాడో అంతరించాయి. డోడో పక్షి కథ ఇక్కడే చెప్పండి. ఎగరలేని, మనిషిని చూసి బెదరని పక్షి. డచ్చివాళ్లు దిగిన వందేళ్లలోపే ఒక్కటి కూడా మిగల్లేదు. వేటాడి తిన్నారు, అడవులు కొట్టారు. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు గుడ్లు తినేశాయి. వెంటనే రెండో కథ కూడా చెప్పాలి సుమా! ఇక్కడి గులాబీ పావురం 1990 నాటికి అడవిలో పదికి అటూఇటూగా మిగిలింది. పట్టుబట్టి కాపాడితే ఇప్పుడు వందల్లో ఉంది. పాడు చేసిందీ మనిషే, నిలబెట్టిందీ మనిషే అని పిల్లలకి అక్కడే అర్థమవుతుంది.

ఓడల యుద్ధం కథ: అదే తీరంలో 1810 ఆగస్టులో ఫ్రెంచి, ఇంగ్లీషు ఓడలు కొట్టుకున్నాయి. ఫ్రెంచివాళ్లే గెలిచారు. అయినా నాలుగు నెలలు తిరక్కుండానే దీవి ఇంగ్లీషువాళ్ల పరమైంది! మాహెబూర్‌లో పాత భవనంలో చరిత్ర మ్యూజియం ఉంది. మగపిల్లలు, ఆడపిల్లలు అని లేదు, ఫిరంగులంటే అందరికీ సరదాయే.

తపాలా బిళ్లల కథ: రాజధాని పోర్ట్ లూయీలో బ్లూ పెన్నీ మ్యూజియం. 1847లో అచ్చయిన రెండు తపాలా బిళ్లలు అక్కడ ఉన్నాయి. ప్రపంచంలోనే అపురూపమైనవి. 1993లో మారిషస్ బ్యాంకులూ కంపెనీలూ చందాలు వేసుకుని కొని, సొంత దేశానికి తెచ్చుకున్నాయి. రంగు వెలిసిపోకుండా గంటకి కొద్ది నిమిషాలు మాత్రమే వాటిమీద దీపం వేస్తారు. ఆ వేళ కనుక్కుని వెళ్లండి. దీపం ఎప్పుడు వెలుగుతుందా అని పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

చెరుకు కథ: పాంపల్‌మూస్ ఊళ్లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియం చేశారు. చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు. దగ్గర్లోనే పాత వృక్షోద్యానం. పెద్ద తాంబాళాల్లా నీటి మీద పరుచుకున్న తామర జాతి ఆకులు చూసి తీరాలి.

లె మోర్న్ కొండ కథ: నైరుతి మూల 556 మీటర్ల ఎత్తున నిటారుగా నిలిచిన కొండ. పారిపోయిన బానిసలు దాని మీద దాక్కునేవాళ్లు. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన సిపాయిల్ని చూసి, పట్టుకోవడానికే వస్తున్నారని భయపడి, కొందరు పైనుంచి దూకేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చిన్నపిల్లలతో కొండ ఎక్కొద్దు. కింద ఇసుకలో కూర్చుని కథ చెప్పుకుంటే చాలు.

పెద్దవాళ్లు వెంట వస్తే గంగా తలావ్ తప్పక చూపించండి. కొండల మధ్య సరస్సు, 33 మీటర్ల శివుడి విగ్రహం. శివరాత్రికి దేశం నలుమూలల నుంచీ నడిచి వస్తారు.

ఒక్క రోజు మాత్రం పూర్తిగా వదిలేయండి. ఇసుకలో గూళ్లు కట్టుకోనివ్వండి. సెలవులు వాళ్లవి కదా!

ఆ రాతి మెట్ల దగ్గర...

అన్నిటికన్నా ముఖ్యమైంది పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్. ఓడ దిగిన కూలీల్ని 1849 నుంచి ఇక్కడికే తెచ్చేవాళ్లు. రెండు మూడు రోజులు ఉంచి, పేరు రాసుకుని, ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి తోటలకి పంపేవాళ్లు. రాతి మెట్లు, ఆస్పత్రి గదులు, వంటశాల ఆనవాళ్లు కొద్దిగా మిగిలాయి. 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పక్కనే బొమ్మలతో, ధ్వనితో వివరించే ప్రదర్శన కేంద్రం ఉంది. ఆదివారం మూసి ఉంటుంది. వేళలు కనుక్కుని వారం మధ్యలో పెట్టుకోండి.

"ఇంత బాధాకరమైన కథ పిల్లలకెందుకండీ? సరదాగా తిప్పి తీసుకొస్తే పోలా?" అనేవాళ్లున్నారు. కానీ పిల్లలు బాధకి భయపడరు, అర్థం కాని దానికే భయపడతారు. వయసుకి తగ్గట్టు చెప్పడంలో ఉంది అంతా.

ఆరేడేళ్ల పిల్లలకి: "ఇక్కడికి మనలాంటివాళ్లు పని కోసం పెద్ద ఓడలో వచ్చారు. ఇల్లు గుర్తొచ్చి ఏడ్చారు. మెల్లగా ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు." ఇంతవరకూ చాలు. ఆ మెట్ల మీద ఓసారి ఎక్కి దిగనివ్వడానికి వీలుంటుందేమో గైడుని అడగండి. కాళ్లు చూసింది కళ్లు మరచిపోవు.

పది పన్నెండేళ్లవాళ్లకి: నంబరు సంగతి చెప్పండి. "నిన్ను బడిలో పేరు పెట్టి కాకుండా నంబరుతోనే పిలిస్తే ఎలా ఉంటుంది?" అని అడగండి. జవాబు చెప్పనివ్వండి, మీరు చెప్పెయ్యకండి.

ఇంకా పెద్దవాళ్లకి: బానిసకీ ఒప్పందం కూలీకీ తేడా ఏమిటో వాదించుకోనివ్వండి. ఒప్పందం మీద వేలిముద్ర వేసినవాడికి అందులో ఏముందో చదివి చెప్పిందెవరు? జీతంలో కోతలు, అనుమతి చీటీ లేకుండా తోట దాటితే శిక్షలు... ఇవన్నీ తెలుసుకోవాల్సిన వయసే అది. 1901లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి ఇంటికొస్తూ మారిషస్‌లో ఆగారు. ఇక్కడి భారతీయుల్ని పిల్లల చదువు మీద, రాజకీయాల మీద దృష్టి పెట్టమన్నారు. కూలీల పిల్లలు బడికెళ్లారు. ఆ దేశం 1968 మార్చి 12న స్వతంత్రమైంది. దండియాత్ర మొదలైన రోజూ మార్చి 12నే!

తల్లులు ఇంకో మాట కూడా చెప్పాలి. తొలి ఏళ్లలో ఓడలెక్కిన ఆడవాళ్లు చాలా తక్కువ. వెళ్లినవాళ్లు చంటిబిడ్డలతో వారాల తరబడి సముద్రం మీద ఉన్నారు. భాష తెలియని చోట పొయ్యి వెలిగించారు. పాటలు, పూజలు, పచ్చళ్లు నిలిపింది వాళ్లే. పెళ్లిళ్లలో భోజ్‌పురీ ఆడవాళ్లు పాడే గీత్ గవాయ్‌ని 2016లో యునెస్కో గుర్తించింది. మారిషస్‌లో పుట్టిన రచయిత్రి నటాషా అప్పానా, 1872లో కూలీలుగా వచ్చిన తన పూర్వీకుల కథని ఫ్రెంచిలో పుస్తకంగా రాసి 2023లో వెలువరించారు. నంబరుగా మిగిలిన మనుషులకి మళ్లీ పేరూ ఊరూ ఇచ్చే పని అది.

అమ్మకీ సెలవే!

చాలా ఇళ్లలో యాత్ర అంటే వంటిల్లు ఊరు మారడమే. రైస్ కుక్కరు, పప్పు, చింతపండు మూటకట్టి, అందరూ సముద్రంలో ఆడుతుంటే అమ్మ గదిలో పులిహోర కలుపుతుంటుంది. ఈసారి అది వద్దు. చిన్నపిల్లలుంటే వంట వసతి ఉన్న గది తీసుకోండి, పాలు కాచుకోవడానికీ, పొద్దున్న ఉప్మాకీ పనికొస్తుంది. మిగతా పూటలు బయటే.

అక్కడ మన నోటికి కష్టం లేదు. వీధి బళ్ల మీద ధాల్ పూరీ అమ్ముతారు. లోపల శనగపప్పు పొడి పెట్టిన మెత్తటి రొట్టె. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి! కూర, టొమాటో పచ్చడి వేసి రెండేసి చుట్టిస్తారు. శాకాహారులకి కూడా బెంగ లేదు. కారం వేరేగా ఇస్తారు, పిల్లలకి వద్దని చెప్తే సరి.

పనులు కూడా పంచండి. పాస్‌పోర్టులు నాన్న బాధ్యత, నీళ్ల సీసాలు పెద్దపిల్ల బాధ్యత, రోజువారీ ఖర్చు రాసే పుస్తకం అబ్బాయికి. ఒక సాయంత్రం పిల్లల్ని నాన్నకి అప్పగించి అమ్మ ఒక్కతే ఒడ్డున నడిచి వస్తే, కొంపలేం మునగవు.

డబ్బు మాటేమిటి?

ఖర్చులో సింహభాగం విమానం టికెట్లదీ, హోటల్‌దీ. రెండేళ్లు నిండని బిడ్డకి టికెట్టు నామమాత్రమే. నిండితే సీటు కొనాల్సిందే. ఆ సరిహద్దులో పాప ఉంటే తేదీలు చూసుకోండి. వాళ్ల రూపాయి మన రూపాయి కన్నా ఖరీదైనది. ధర చూసి "రెండొందలేగా" అనుకుని మోసపోకండి, లెక్కగట్టండి. రోజంతటికీ టాక్సీ మాట్లాడుకునేముందే ఎన్ని చోట్లకి, ఎంతకి అన్నది తేల్చుకోండి. చీకటిపడ్డాక బస్సులు తగ్గిపోతాయి.

ప్యాకేజీ కొంటే దాని మీద ముందస్తు పన్ను వసూలు చేస్తారు. ఆ రసీదు దాచండి. రిటర్ను దాఖలు చేసేటప్పుడు సర్దుబాటవుతుంది. అప్పు చేసి మాత్రం వెళ్లకండి. ఇంకో ఏడాది ఆగితే కోరంగి ఎక్కడికీ పోదు, మారిషస్ అసలే పోదు. ఈలోగా పిల్లల్ని కాకినాడ తీసుకెళ్లి కోరంగి చూపించండి. కథ మొదలైన చోటు చూశాక, చేరిన చోటు చూస్తే ఆ అందమే వేరు.

సూట్‌కేసు మూసేముందు...

* పిల్లల మందులతోపాటు డాక్టరు చీటీ తప్పనిసరి. నిద్రమాత్రలు, కొన్ని దగ్గుమందులు, నొప్పి మాత్రల విషయంలో అక్కడ చట్టం కఠినం.
* పళ్లు, విత్తనాలు, మొక్కలు, మాంసం తీసుకెళ్లొద్దు. తినుబండారాలు ఏమున్నా అడిగినప్పుడు దాచకుండా చెప్పండి. ఊరగాయ చేతిసంచిలో పెడితే విమానాశ్రయంలోనే పోతుంది.
* ప్లాస్టిక్ క్యారీబ్యాగుల మీద అక్కడ 2016 నుంచి నిషేధం. గుడ్డ సంచులు పెట్టుకోండి.
* సముద్రంలో దిగడానికి రబ్బరు బూట్లు. నీటి అడుగున ముళ్ల ప్రాణులు, పదునైన పగడాలు ఉంటాయి.
* దోమల మందు, టోపీలు, ఎండకి రాసుకునే క్రీము.
* ప్రయాణ బీమా. కాగితాల నకళ్లు రెండు జతలు, వేర్వేరు సంచుల్లో.
* ఒక్కో పిల్లవాడికి ఒక నోటుపుస్తకం. రోజూ రాత్రి మూడు వాక్యాలు, ఒక బొమ్మ.

ఆ నోటుపుస్తకాన్ని మాత్రం మరచిపోకండి. తిరిగొచ్చాక తాతయ్య "ఏం చూశావురా?" అంటే వాడు అది తీసి చూపిస్తాడు. "మనవాళ్లు నూటయాభై ఏళ్ల కిందటే అక్కడికెళ్లారట తాతయ్యా, నీకు తెలుసా?" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. మీరు పెట్టిన ఖర్చుకి అంతకన్నా గిట్టుబాటు ఏముంటుంది!